పారిస్‌లో సెన్ నది మీద షికారు: ఏ టైమ్‌కి, ఏ రేవులో, ఏ పడవ

పారిస్ వెళ్తున్నాం, సెన్ నది క్రూజ్ ఏది బుక్ చేసుకోమంటారు అని అడిగే ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒకటే. కంపెనీ పేరు చివర్లో చూసుకోండి, ముందు ఏ టైమ్‌కి ఎక్కాలో తేల్చుకోండి. గంటసేపు తిప్పే మామూలు పడవలన్నీ దాదాపు ఒకే దారిలో తిరుగుతాయి. అటు కొసన ఈఫిల్ టవర్, ఇటు కొసన నోటర్‌డామ్ ఉన్న ద్వీపం, దాన్ని ఆనుకుని ఇల్ సేన్ లూయీ అనే చిన్న ద్వీపం, ఈ మధ్యలోనే ఎవరైనా తిప్పేది. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన నదీతీరం కూడా ఇంచుమించు ఇంతే. టికెట్ కూడా పెద్దవాళ్ళకి 15, 20 యూరోల దగ్గరే ఆడుతూ ఉంటుంది, పిల్లలకి తక్కువ, మరీ పసిపిల్లలకి చాలాచోట్ల ఉచితం. అందుకని రెండు యూరోల తేడా కోసం పది సైట్లు తిరగేసి బుర్ర పాడుచేసుకోవడం దండగ.

మన పాపికొండల లాంచీ ప్రయాణంలా పొద్దున్నే ఎక్కి, టిఫిను, భోజనం, పాటలు అన్నీ పడవలోనే అయ్యి సాయంత్రం దిగే వ్యవహారం కాదిది. గంటలో అయిపోతుంది. నది రెండువైపులా ఎత్తైన రాతిగోడల మధ్య పారుతుంది కాబట్టి మీరు ఊరికన్నా కిందనుంచి తల ఎత్తి చూస్తుంటారు. లూవ్ర్ మ్యూజియం పొడవాటి గోడలు కనిపిస్తాయి కానీ గాజు పిరమిడ్ కనిపించదు. వేసవిలో ఒడ్డున చెట్లు గుబురుగా ఉండి కొన్ని భవనాల్ని సగం కప్పేస్తాయి. ఇవన్నీ తెలిసి ఎక్కితే మాత్రం ఆ గంట చాలా బాగుంటుంది, ఎందుకంటే పారిస్‌లో పేరున్న కట్టడాల్లో సగం ఈ నది వైపు మొహం పెట్టే ఉంటాయి, వంతెనల అడుగుభాగాలు పడవలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ అంత దగ్గరగా చూడలేం.

ఇక టైమ్ సంగతి. మనవాళ్ళు ఎక్కువగా పిల్లల సెలవులకి మే, జూన్ నెలల్లో వస్తారు, వస్తూ "నైట్ క్రూజ్" అని రాత్రి 8 గంటలకి బుక్ చేసుకుంటారు. జూన్ చివర్లో పారిస్‌లో సూర్యాస్తమయం దాదాపు 10 గంటలకి. 8 గంటలకి ఎండ మొహం మీద కొడుతూ ఉంటుంది, లైట్లేవీ వెలగవు. చీకటి బాగా పడాలంటే పదిన్నర దాటాలి. మే మధ్యలో అయినా సూర్యుడు దిగేది తొమ్మిదిన్నర ప్రాంతంలోనే. అదే డిసెంబర్‌లో సాయంత్రం 5 కొట్టకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు, 6 గంటల పడవ ఎక్కినా పూర్తి రాత్రి షికారే. కాబట్టి మీరు వెళ్ళే తేదీకి సూర్యాస్తమయం ఎప్పుడో ఫోన్‌లో చూసుకున్నాకే మిగతావన్నీ.

నా ఓటు ఎప్పుడూ సూర్యాస్తమయానికి ఓ అరగంట ముందు బయల్దేరే పడవకి. వెళ్ళేటప్పుడు వెలుగు ఉంటుంది, రాళ్ళ రంగు, శిల్పాలు కనిపిస్తాయి, ద్వీపాలు చుట్టి వెనక్కి తిరిగేసరికి వంతెనల దీపాలు ఒక్కొక్కటే వెలగడం మొదలవుతుంది, ఒకే టికెట్‌కి పగలూ రాత్రీ రెండూ దొరుకుతాయి. చిన్నపిల్లలతో వచ్చి, జూన్‌లో రాత్రి పది దాకా వాళ్ళని మేలుకొలిపి ఉంచలేం అనుకునేవాళ్ళు మొహమాటపడకుండా పొద్దున్నే మొదటి పడవ ఎక్కండి. జనం తక్కువ, కోరిన సీటు దొరుకుతుంది. వేసవిలో మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య మాత్రం వద్దు. పై డెక్ మీద ఎండ మాడుస్తుంది, కింద గాజు గదిలో ఉక్కపోత, రేవులో పెద్ద లైను.

ఈఫిల్ టవర్ మిలమిలా మెరిసే దృశ్యం కోసమే చాలామంది రాత్రి పడవ ఎక్కుతారు. చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో 5 నిమిషాలు మాత్రమే అలా మెరుస్తుంది, మిగతా టైమ్‌లో మామూలు బంగారు రంగు దీపాలే. అందుకని మీ పడవ సరిగ్గా గంట కొట్టేవేళకి టవర్ దగ్గర ఉండేలా లెక్క వేసుకోవాలి. టవర్ కిందనుంచి సరిగ్గా గంటకి బయల్దేరే పడవ అయితే ఎక్కగానే ఒకసారి, ఆలస్యం లేకుండా తిరిగొస్తే దిగేటప్పుడు ఇంకోసారి చూడొచ్చు. ఊరి మధ్యలోనుంచి బయల్దేరేది అయితే టవర్ చేరడానికి అరగంట అటూ ఇటూగా పడుతుంది కాబట్టి తొమ్మిదిన్నర, పదిన్నర లాంటి టైమ్‌లు నయం.

రేవుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే కంపెనీని ఎంచుకోవడం అంటే నిజానికి రేవుని ఎంచుకోవడమే. ఆ రోజు మీరు ఎక్కడ తిరుగుతున్నారో, మీతో ఎవరున్నారో దాన్నిబట్టి తేలిపోతుంది.

ఈఫిల్ టవర్ పాదాల దగ్గర రెండు కంపెనీలున్నాయి, బాతో పారిజియెన్, వెదెత్ ద పారీ. టవర్ చూసి దిగి నడుచుకుంటూ వెళ్ళి ఎక్కేయొచ్చు, అదే వీటి గొప్ప, అదే వీటి ఇబ్బంది కూడా, ఎందుకంటే టవర్ చూసినవాళ్ళందరికీ అదే ఆలోచన వస్తుంది. మొదటి దాని పడవలు పెద్దవి, పైన గాజు కప్పు, మీకు కావాల్సిన భాషలో వివరణ వినొచ్చు. రెండోదాని పడవలు కాస్త చిన్నవి. అక్కడికి మెట్రో 6వ లైన్‌లో బిర్ హకైమ్ స్టేషన్. పర్సులు, ఫోన్లు జాగ్రత్త, ఆ చుట్టుపక్కల జేబుదొంగలు ఎక్కువ. కాగితం పట్టుకుని సంతకం పెట్టమని చుట్టూ మూగేవాళ్ళు కనిపిస్తే ఆగకుండా నడిచి వెళ్ళిపోండి.

నదికి అవతలి ఒడ్డున, ఆల్మా వంతెన దగ్గర బాతో మూష్. 1949 నుంచి నడుస్తున్న పాత కంపెనీ, పేరు అందరికీ తెలుసు, టూర్ బస్సులవాళ్ళు ఎక్కువగా తీసుకొచ్చేదీ ఇక్కడికే. చాలా పెద్ద పడవలు, పై డెక్ మొత్తం ఓపెన్, వందలమంది పడతారు. జనం ఎక్కువ ఉన్నా సీటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. లౌడ్‌స్పీకర్‌లో రికార్డు చేసిన వివరణ ఒక భాష తర్వాత ఇంకో భాషలో వస్తూ ఉంటుంది, మన వంతు భాష వచ్చేసరికి ఆ భవనం వెనక్కి వెళ్ళిపోవచ్చు. వివరణ మీద మీకు పెద్ద ఆసక్తి లేదు, గాలి తగిలేలా పైన కూర్చుని చూస్తే చాలు అనుకుంటే ఇదే బాగుంటుంది. మెట్రో 9వ లైన్‌లో ఆల్మా మార్సో.

నాకు ఇష్టమైనది మూడో రేవు. పోన్ నెఫ్ అనే పాత వంతెన ఉంది, 1607లో పూర్తయింది, ఇప్పుడు నిలబడి ఉన్న పారిస్ వంతెనలన్నిట్లోకీ పాతది. ఆ వంతెన మధ్యలో గుర్రం మీద నాలుగో హెన్రీ రాజు విగ్రహం, విగ్రహం వెనకనుంచి మెట్లు దిగితే ద్వీపం కొసన చెట్లతో చిన్న తోట, ఆ పక్కనే వెదెత్ దు పోన్ నెఫ్ పడవలు. చిన్న పడవలు, మనిషే మైకు పట్టుకుని ఫ్రెంచ్‌లో, ఇంగ్లీష్‌లో చెబుతారు. ఆ చెప్పే మనిషిని బట్టి షికారు బాగోగులు ఉంటాయి, ఉత్సాహంగా చెప్పేవాళ్ళు దొరికితే గంట తెలియకుండా గడిచిపోతుంది. ఇక్కడినుంచి మొదట టవర్ వైపు వెళ్ళి, వెనక్కి వచ్చి, చివర్లో నోటర్‌డామ్ ద్వీపాలు చుట్టి దింపుతారు. లూవ్ర్, నోటర్‌డామ్ చూసే రోజు ఇది పెట్టుకుంటే మెట్రో ఖర్చు కూడా ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే మాత్రం ఆ మెట్లు గుర్తుంచుకోండి. వాళ్ళకి ఈఫిల్ వైపు రేవులే నయం.

ఎక్కడ ఎక్కినా సీటు దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. ఈఫిల్ లేదా ఆల్మా నుంచి బయల్దేరే పడవలో, అది వెళ్తున్న దిశలో మొహం పెట్టి చూస్తే మీ ఎడమచేతి వైపు కూర్చోండి. పడవ ద్వీపాలకి దక్షిణంగా ఉన్న సన్నపాయలోంచి పైకి వెళ్ళి, ఎడమకి తిరిగి, ఉత్తరపు పాయలోంచి వెనక్కి వస్తుంది, అంటే ద్వీపాలు మొదటినుంచి చివరిదాకా ఎడమవైపే ఉంటాయి. 2019 ఏప్రిల్ మంటల్లో పైకప్పు కాలిపోయి, 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచిన నోటర్‌డామ్ ఆ సన్నపాయలో మీ పక్కనుంచే వెళ్తుంది. కొత్తగా కట్టిన శిఖరం, పక్కగోడకి ఆనించినట్టుండే రాతి ఊతకమ్మీలు కిందనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. తిరుగు దారిలో 1793లో మరీ ఆంత్వానెత్ రాణిని చంపేముందు బంధించిన కాన్సియర్జెరీ గుండ్రటి బురుజులు, ఆఖర్న ఈఫిల్ టవర్, అన్నీ ఎడమకే. కుడివైపు కూర్చున్నవాళ్ళకి వెళ్ళేటప్పుడు ఓర్సే మ్యూజియం, వచ్చేటప్పుడు నగర పాలక భవనం, లూవ్ర్ దగ్గరగా కనిపిస్తాయి. ఏమీ కనిపించకుండా పోదు కానీ నేనైతే ఎడమే. రాత్రి ఫోటోలు తీసేవాళ్ళు గాజు వెనక కూర్చోవద్దు, లోపలి దీపాల ప్రతిబింబం తప్ప ఫోటోలో ఇంకేమీ రాదు. బయట కూర్చోవాలంటే మే నెలలో కూడా జాకెట్ ఉండాలి. నది మీద గాలి చలిగా ఉంటుంది, పగలు ఎండగా ఉందని పల్చటి చొక్కాతో వచ్చినవాళ్ళు ఇరవై నిమిషాల్లో లోపలికి పరుగెత్తుతారు.

చాలా రేవుల్లో మామూలు టికెట్‌కి ఫలానా పడవ అని ఉండదు, ముందు వచ్చినవాళ్ళకి ముందు సీటు. ఆన్‌లైన్‌లో కొన్నా లైన్లో నిలబడాల్సిందే. పై డెక్‌లో ఎడమవైపు రెయిలింగ్ పక్క సీటు కావాలంటే అరగంట ముందు చేరండి.

బాతోబుస్ గురించి వేరే చెప్పాలి, చాలామంది దీన్ని క్రూజ్ అనుకుని కొని నిరాశపడుతున్నారు. ఇది పడవ బస్సు. ఈఫిల్, ఓర్సే, నోటర్‌డామ్, లూవ్ర్ లాంటి చోట్ల ఆగుతూ ఒకే దిశలో గుండ్రంగా తిరుగుతుంది, రోజు పాస్ కొని ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. వివరణ చెప్పేవాళ్ళు ఉండరు. సీట్లన్నీ ఎక్కువగా గాజు కప్పు కింద, బయట నిలబడే చోటు కొంచెమే. ఒక్కరోజులో నది ఒడ్డున ఉన్న నాలుగైదు చోట్లు చూడాలి, పెద్దవాళ్ళు మెట్రో మెట్లు ఎక్కలేరు అనే కుటుంబానికి ఇది చాలా పనికొస్తుంది. ఒక్కసారి ఎక్కి దిగిపోయేవాళ్ళకి డబ్బు దండగ. పైగా ఒకే దిశలో తిరగడం వల్ల, వెనక ఉన్న స్టాప్‌కి వెళ్ళాలంటే చుట్టు మొత్తం తిరిగి రావాలి. రాత్రి పొద్దుపోయేదాకా కూడా తిరగవు, కాబట్టి లైట్లు చూడాలంటే దీన్ని నమ్ముకోవద్దు.

డిన్నర్ క్రూజ్. పెళ్ళిరోజు, హనీమూన్ అని వచ్చే జంటలు మొదట వెతికేది ఇదే. ఖర్చు ఒక్కొక్కరికీ 100 యూరోల అటూ ఇటూ మొదలై, కిటికీ పక్క టేబుల్, షాంపేన్ కావాలంటే 200 దాకా వెళ్తుంది. గాజు గోడల లోపల తెల్లగుడ్డ పరిచిన టేబుల్, రెండు గంటలకు పైగా నిదానంగా తిరుగుతూ మూడు రకాల వంటకాలు వరసగా వడ్డిస్తారు, కొన్నిట్లో పాటలు, వయొలిన్ ఉంటాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మీరు మాంసాహారులై, ఫ్రెంచ్ వంట రుచి చూడాలని నిజంగా ఆసక్తి ఉంటే తీసుకోండి, ఆ సాయంత్రం గుర్తుండిపోతుంది. శాకాహారులైతే రెండుసార్లు ఆలోచించండి. వెజిటేరియన్ మెనూ ఇస్తారు కానీ బుక్ చేసేటప్పుడే చెప్పాలి, టేబుల్ దగ్గర కూర్చున్నాక అడిగితే ఉన్నదాంట్లో ఏదో సర్దుతారు. గుడ్డు తినరని, చేప తినరని కూడా విడిగా రాయండి, ఎందుకంటే వాళ్ళ డెజర్టుల్లో గుడ్డు మామూలే, "మాంసం తినం" అంటే చేప తింటారేమో అనుకునేవాళ్ళూ ఉన్నారు. అన్నీ చెప్పి వెళ్ళినా ఉప్పూ కారం మన నాలుకకి చప్పగానే ఉంటాయి. ఆ డబ్బుతో ఒక మంచి రెస్టారెంట్‌లో తిని, తర్వాత మామూలు పడవ పై డెక్ ఎక్కితే ఊరు ఇంకా బాగా కనిపిస్తుంది, జేబులో ఇంకా మిగులుతుంది కూడా.

డిన్నరే కావాలని తేల్చుకున్నారా, అప్పుడు మళ్ళీ సూర్యాస్తమయం దగ్గరికే రావాలి. చాలా కంపెనీలు సాయంత్రం 6 దాటాక ఒకటి, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒకటి నడుపుతాయి, మొదటిది చవక. నవంబర్ నుంచి జనవరి దాకా ఆ చవకది ఎక్కినా బయట చీకటే, లైట్లన్నీ వెలుగుతుంటాయి, ఖరీదైనది తీసుకోనక్కర్లేదు. జూన్‌లో ఆ చవకది ఎక్కితే మిట్టమధ్యాహ్నం భోజనంలా ఉంటుంది, రెండోది ఎక్కినా కాఫీ వచ్చేసరికి గానీ చీకటి పడదు.

ఇక సేన్ మార్తాన్ కాలువ. ఇది పూర్తిగా వేరే రకం షికారు, పారిస్‌కి రెండోసారి వచ్చినవాళ్ళందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. నెపోలియన్ 1802లో తవ్వించమని ఆదేశిస్తే 1825లో పూర్తయింది, ఊరికి తాగునీరు, సరుకులు తేవడానికి కట్టారు. నాలుగున్నర కిలోమీటర్ల పొడవు, 9 లాకులు, మొత్తం 25 మీటర్ల ఎత్తు తేడా. బాస్తీల్ దగ్గరి పడవల రేవులో ఎక్కితే మొదట దాదాపు రెండు కిలోమీటర్లు భూమి కింద వెళ్తుంది, పైన బాస్తీల్ కూడలి, రోడ్లు, సంత, కింద మీరు. సొరంగం కప్పులో అక్కడక్కడ గుండ్రటి కన్నాలు, వాటిలోంచి వెలుగు స్తంభంలా నీళ్ళ మీద పడుతుంది, పడవ వెళ్తుంటే ఆ ఆకుపచ్చ నీళ్ళ వెలుగు కప్పు మీద కదులుతుంది. పిల్లలు ఇక్కడ మాట్లాడకుండా కూర్చుంటారు.

బయటికి వచ్చాక లాకులు. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీద లాకులు చూసి పెరిగినవాళ్ళకి సంగతి తెలిసిందే అయినా, పడవలో కూర్చుని దాటడం వేరు. తడిసి నాచుపట్టిన రాతిగోడల మధ్యకి పడవ వెళ్తుంది, వెనక తలుపు మూసుకుంటుంది, ముందు తలుపు సందుల్లోంచి నీళ్ళు హోరుమని లోపలికి దూకుతాయి, గోడ మీద తడి గీత ఒక్కో అంగుళం కిందికి దిగుతున్నట్టు అనిపిస్తుంది, కాసేపటికి మీ తల రోడ్డు మీద నిలబడి చూస్తున్నవాళ్ళ చెప్పుల దాకా లేస్తుంది, ఆ తర్వాత వాళ్ళ మొహాల దాకా. కాలినడక వంతెనల మీద జనం చేతులు ఊపుతుంటారు. రోడ్డు వంతెన పక్కకి తిరిగి దారి ఇస్తుంది, కార్లు ఆగి చూస్తుంటాయి.

దీనికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, ఓపిక లేనివాళ్ళు విసుగెత్తిపోతారు, ఈఫిల్ టవర్ కనిపించదు. ఒక్కరోజే ఉన్నవాళ్ళు పెట్టుకోవద్దు. టికెట్ సెన్ క్రూజ్‌కన్నా కాస్త ఎక్కువ. కెనొరామా వాళ్ళవి బాస్తీల్‌కీ, కాలువ అటు కొసన ఉన్న లా విలెత్‌కీ మధ్య, పారీ కెనాల్ వాళ్ళవి ఓర్సే మ్యూజియం నుంచి సెన్ మీదుగా కాలువలోకి. రెండోది ఎక్కితే నదిలో కొంత భాగం కూడా చూసినట్టవుతుంది, రెంటికీ ఒకే టికెట్ కావాలనుకునేవాళ్ళకి అది మేలు. రోజుకి ఒకటి రెండు పడవలే, చలికాలంలో ఇంకా తక్కువ, కాబట్టి ఇది మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

హైదరాబాద్, విజయవాడ నుంచి ప్యాకేజీ టూర్లలో వచ్చేవాళ్ళు ఒక పని చేయండి. సెన్ క్రూజ్ చాలా ప్యాకేజీల్లో కలిపే ఉంటుంది, మీ కార్యక్రమం కాగితంలో చూసుకోకుండా ఆన్‌లైన్‌లో ఇంకో టికెట్ కొనేయకండి. ఏ టైమ్‌కి ఎక్కిస్తారో టూర్ మేనేజర్‌ని ముందే అడగండి. బస్సు టైమ్‌కి తగ్గట్టు మధ్యాహ్నం మూడింటికి ఎక్కిస్తున్నారంటే, నలుగురూ కలిసి గట్టిగా అడిగితే కొందరు సాయంత్రానికి మారుస్తారు. మార్చకపోతే ఆ పడవ ఎక్కండి, ఆ రాత్రి భోజనం అయ్యాక మళ్ళీ పడవ కోసం వెతకొద్దు, పోన్ నెఫ్ దగ్గర ద్వీపం కొసన ఉన్న ఒడ్డు మీదికి వెళ్ళి కూర్చోండి. ఉచితం, లైట్లు వేసుకుని వెళ్ళే పడవలన్నీ మీ కాళ్ళ ముందునుంచే పోతాయి.

జనవరి, ఫిబ్రవరిలో వచ్చేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. వానలు ఎక్కువై నది పొంగితే వంతెనల కింద పడవలు పట్టవు, షికార్లన్నీ ఆపేస్తారు. 2018 జనవరిలో అలాగే అయింది, 2016లో అయితే జూన్‌లోనే అయింది. ఆల్మా వంతెన స్తంభం దగ్గర జువావ్ (పాతకాలపు ఫ్రెంచ్ సైన్యంలో ఒక దళం) సైనికుడి రాతి విగ్రహం ఉంటుంది, నీళ్ళు ఎంత వచ్చాయో పారిస్ వాళ్ళు దాన్ని చూసే చెబుతారు. 1910 వరదలో నీళ్ళు అతని భుజాల దాకా వచ్చాయట. ఆ నెలల్లో ఫలానా తేదీకి మాత్రమే చెల్లే చవక టికెట్ కొనకండి, తేదీ లేని టికెట్ లేదా డబ్బు వెనక్కి ఇచ్చే టికెట్ తీసుకోండి, బయల్దేరే రోజు పొద్దున కంపెనీ సైట్‌లో పడవలు తిరుగుతున్నాయో లేదో చూసుకుని రేవుకి వెళ్ళండి.